రంగులు దిద్దిన సైనికచిత్రాలు

వర్ణమనే మాటకు రంగు అని ఒక అర్థం, అక్షరమని మరొక అర్థం. వర్ణన అనే మాట కూడా ఆ కుదురులోనిదే. కవి పలుకులతో చేసే పనికీ, చిత్రకారుడు కుంచెతో చేసే పనికీ పూర్వులు ఒకే మూలం నుంచి మాటలు కల్పించుకొన్నారు. ఆ రెండింటిలోనూ ఉన్నదాన్ని ఉన్నట్లు చూపడంతోపాటు, లేనిదాన్ని ఊహించి నింపడం కూడా ఉంటుంది. ఎంతవరకు ఊహించవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న కావ్యరచనలో కవిని అంతగా బాధించదు. చరిత్ర విషయంలో మాత్రం అది తప్పించుకోరాని ప్రశ్న. యుద్ధకాలంలో తీసిన సైనికుల నలుపు తెలుపు ఛాయాచిత్రాలకు రంగులు దిద్దే వ్యాసంగంలో ఆ ప్రశ్న అడుగడుగునా ఎదురవుతుంది.

ఇది గత రెండు దశాబ్దాలలో ప్రపంచవ్యాప్తంగా అనేకుల తీరిక వేళలను ఆక్రమించిన అభిరుచి. దీనిని చేపట్టినవారిలో చిత్రకళ నేర్చినవారు కొందరే. ఉపాధ్యాయులు, అనువాదకులు, ఇంజనీర్లు, పదవీ విరమణ చేసినవారు ఎక్కువ. ఒక్క ముఖచిత్రం మీద పది గంటలు, ఇరవై గంటలు వెచ్చించేవారున్నారు. వారు సైనికుల చిత్రాలనే ఎక్కువగా ఎంచుకోవడానికి కారణం లేకపోలేదు. యుద్ధానికి బయలుదేరే ముందు స్టూడియోకు వెళ్లి, కొత్త యూనిఫారంలో ఒక చిత్రం తీయించుకొని ఇంటివారికి ఇవ్వడం ఆనాటి సైనికులకు ఆచారమైంది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి అటువంటి చిత్రాలను పోస్టుకార్డు మీదనే ముద్రించి ఇచ్చేవారు. తిరిగి వస్తామో రామో తెలియని వయసు పిల్లలు కెమెరా వైపు సూటిగా చూస్తూ నిలుచున్న చిత్రాలవి. వాటిలో చాలావాటికి ఇప్పుడు పేర్లు కూడా మిగలలేదు.

రంగు దిద్దేవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది. బూడిదరంగు చిత్రాన్ని చూసినవారికి ఆ మనిషి వేరే లోకంవాడిలా తోస్తాడు. 1916లో కూడా ఆకాశం నీలంగానే ఉండేదని, గడ్డి పచ్చగానే మొలిచేదని, చలికి ముక్కుకొన ఎర్రబడేదని తెలిసినా, ఆ తెలివి కంటికి అందదు. రంగు పడగానే ఆ ముఖం పక్కవీథిలో ఉండే కుర్రవాడి ముఖమవుతుంది. ఈ మాటలో కొంత నిజముంది. కొంత ప్రమాదం కూడా ఉంది.

ఈ పని కంప్యూటర్‌తో పుట్టినది కాదు. ఛాయాచిత్రకళ లోకానికి వెల్లడైనది 1839లో. స్విట్జర్లాండ్‌కు చెందిన ఐసెన్‌రింగ్ అనే చిత్రకారుడు 1840 దశకం ఆరంభానికే రంగుపొడులను బంకతో కలిపి ఛాయాచిత్రాల మీద అద్ది చూపాడు. 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధంలో ఇరుపక్షాల సైనికులూ సన్నని ఇనుపరేకు మీద తీసే చౌకరకం చిత్రాలకు ఎగబడ్డారు. వీటిని టిన్‌టైపులంటారు. స్టూడియోవారు ఆ రేకుమీది సైనికుడి చెక్కిళ్లకు కాసింత గులాబీరంగు, గుండీలకు బంగారు రంగు పూసి ఇచ్చేవారు. అటువంటి చిత్రాలు వందలకొద్దీ ఉన్న ఒక కుటుంబసేకరణ 2010లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరింది. మన దేశంలోనూ 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఛాయాచిత్రం మీద మినియేచర్ చిత్రకారులచేత రంగులు వేయించుకొనే సంప్రదాయం రాజసంస్థానాలలో వర్ధిల్లింది. ఆనాటి పనికీ నేటి పనికీ ఉన్న తేడా ఒక్కటే. ఆనాటి చిత్రకారుడు సైనికుణ్ని కళ్లెదుట చూశాడు. కనీసం అతని యూనిఫారాన్ని చూశాడు. నేటివాడికి ఆ అవకాశం లేదు.

టిన్‌టైపులో మరొక విశేషముంది. దానిలోని బొమ్మ అద్దంలో చూసినట్లు కుడియెడమలు తారుమారై ఉంటుంది. బెల్టు బిళ్లమీది అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. కోటు గుండీలు తప్పు పక్కన ఉంటాయి. కుడిచేతితో తుపాకి పట్టిన సైనికుడు ఎడమచేతివాటం వాడిలా కనిపిస్తాడు. ఈ సంగతి తెలియక రంగు దిద్దినవాడు ఒక మనిషి చేతివాటాన్నే మార్చివేస్తాడు.

అంతకన్న పెద్ద చిక్కు రసాయనంలో ఉంది. నలుపు తెలుపు చిత్రమంటే రంగుల నుంచి రంగును తీసివేయగా మిగిలిన వెలుగునీడలని సాధారణంగా అనుకొంటారు. ఇటీవలి ఫిల్ము విషయంలో అది దాదాపు నిజం. పాత పలకల విషయంలో నిజం కాదు. 1851లో వాడుకలోకి వచ్చిన తడి కొలోడియన్ పలకకు నీలం, ఊదా, అతినీలలోహిత కిరణాలు మాత్రమే అంటుతాయి. ఎరుపు, పసుపు దానికి దాదాపు చీకటితో సమానం. అందువల్ల నీలంగా ఉన్నది తెల్లగాను, ఎర్రగా లేదా పచ్చగా ఉన్నది నల్లగాను పడుతుంది. అమెరికా ఉత్తరసేనలో కాల్బలానికి లేతనీలం, అశ్వదళానికి పసుపు, ఫిరంగిదళానికి ఎరుపు గుర్తులుగా ఉండేవి. కంటికి ఎంతో తేడాగా కనిపించే ఈ మూడింటిలో లేతనీలం తెల్లబోతుంది. పసుపు, ఎరుపు రెండూ నల్లబడిపోతాయి. నల్లని చారను చూసి అది రౌతుదా, ఫిరంగివాడిదా అని కేవలం చిత్రాన్నిబట్టి తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. టోపీమీది బిళ్లలోని గుర్తు, పక్కనున్న ఆయుధం, దళం జాబితా వంటి వేరే సాక్ష్యం కావాలి.

1873లో జర్మనీకి చెందిన వోగెల్ అనే శాస్త్రవేత్త, పలకమీది మిశ్రమంలో కొన్ని అద్దకపు రంగులను కలిపితే అది పచ్చని వెలుగును కూడా గ్రహిస్తుందని కనుగొన్నాడు. ఆ మార్గంలో వచ్చిన ఆర్థోక్రొమాటిక్ పలకలే మొదటి ప్రపంచయుద్ధకాలంలో విరివిగా వాడుకలో ఉన్నాయి. వాటికి ఎరుపు అంటదు. అన్ని రంగులనూ గ్రహించే పాంక్రొమాటిక్ పలకలు అప్పటికే పుట్టినా, వాటి వాడుక బాగా పెరిగింది తరువాతి కాలంలోనే. 1914 నుంచి 1918 వరకు తీసిన సైనికుల చిత్రాలలో పెదవులు మరీ ముదురుగా ఉండడానికి, ముఖంమీది చిన్న మచ్చలు కూడా కొట్టవచ్చినట్లు కనిపించడానికి, నీలికళ్లు గాజుముక్కల్లా వెలవెలబోవడానికి, ఆకాశం తెల్లకాగితంలా ఉండడానికి ఇదే కారణం. ఆ చిత్రాలను చూసి ఆనాటివారు కఠినముఖులని, ఎప్పుడూ అలసి ఉండేవారని భావించేవారున్నారు. ఆ కాఠిన్యంలో కొంత వారిది. తక్కినది వెండి లవణాలది.

కాబట్టి రంగు దిద్దేవాడు చిత్రంలోని వెలుగునీడలను యథాతథంగా ఉంచి రంగు పూస్తే సరిపోదు. ముదురుగా ఉన్న పెదవి మీద ఎరుపు వేస్తే అది నల్లద్రాక్షరంగుకు తిరుగుతుంది. ముందు అక్కడి నీడను తగ్గించాలి. అంటే రంగు వేయడానికి ముందే మూలాన్ని సవరించాలి. ఇక్కడే పని సున్నితమవుతుంది.

యూనిఫారం రంగు తేలిక అనుకొంటారు. సైన్యమంటే ఒకే బట్ట, ఒకే రంగు కదా అని. నిజానికి సగానికి సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఖాకీనే తీసుకొందాం. పారసీకంలో ఖాక్ అంటే ధూళి. 1846లో పెషావరులో హారీ లమ్స్‌డెన్ సమకూర్చిన గైడ్స్ దళం ఆ ధూళిరంగు దుస్తులను మొదట వాడిందని సైనికచరిత్ర చెబుతుంది. మన ఉపఖండంలో పుట్టిన ఆ రంగును బ్రిటిష్ సైన్యం 1902లో సాధారణ సేవాదుస్తులకు కూడా స్వీకరించింది. అయితే ఎండదేశాలలో తొడిగే నూలు ఖాకీ ఇసుకరంగులో ఉంటుంది. ఫ్రాన్స్ బురదలో తొడిగిన ఉన్ని ఖాకీ ఆకుపచ్చ చాయగల గోధుమరంగులో ఉంటుంది. ఒక మిల్లు బట్టకూ మరొక మిల్లు బట్టకూ తేడా ఉండేది. ఉతికిన కొద్దీ రంగు వెలిసేది. మ్యూజియంలో ఉన్న యూనిఫారాన్ని చూసి రంగు ఎంచుకోవడం కూడా నిరపాయం కాదు. నూరేళ్లకు పైబడి వెలుగు సోకిన బట్ట తన తొలిరంగును నిలుపుకొని ఉండదు. కోటు మడతల లోపలి భాగాన్నో, జేబు మూత కింది భాగాన్నో చూడాలని అనుభవజ్ఞులు చెబుతారు.

ఫ్రెంచి సైనికుల కథ మరీ విచిత్రం. 1914 ఆగస్టులో వారు యుద్ధానికి వెళ్లింది మంజిష్ఠ ఎరుపు ప్యాంట్లు, ముదురునీలం కోట్లతో. తుపాకులు, మరతుపాకులు వచ్చిన కాలంలో అంత దూరానికి కనిపించే దుస్తులు తగవని వాదించినవారు ముందే ఉన్నారు. వారి మాట చెల్లలేదు. ఎర్ర ప్యాంటు ఫ్రాన్స్ గౌరవానికి చిహ్నమని ఎదురువాదన. ఆ ఆగస్టు 22న ఒక్కరోజే సుమారు 27 వేలమంది ఫ్రెంచి సైనికులు మరణించారు. అన్ని చావులకూ ప్యాంటు రంగే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. సేనానుల వ్యూహదోషమే అందులో పెద్ద పాలు. కానీ ఆ తరువాత ఎరుపును వదలక తప్పలేదు. నీలం, తెలుపు, ఎరుపు పోగులు కలిపి నేసే కొత్తబట్టను అప్పటికే తలపెట్టారు. ఎరుపుకు కావలసిన అద్దకపు రంగు జర్మనీ నుంచి రావలసినది. శత్రుదేశం నుంచి రంగు ఎలా వస్తుంది? ఎరుపు లేకుండా నేసిన ఆ బట్టే లేతనీలంగా తేలి, దిఙ్మండలపు నీలమని పేరుపొందింది. 1915లో అది సేన అంతటికీ చేరింది. ఇప్పుడు ఆర్థోక్రొమాటిక్ పలక గుణాన్ని గుర్తుచేసుకోవాలి. దాని మీద 1914 నాటి ఎర్ర ప్యాంటు నల్లగా పడుతుంది; 1916 నాటి లేతనీలం కోటు దాదాపు తెల్లబడుతుంది. ఈ సంగతి తెలియనివాడు మొదటిదాన్ని నల్లప్యాంటుగాను, రెండవదాన్ని వెలిసిన బూడిదరంగు కోటుగాను దిద్దుతాడు. ఒక దేశం చేసిన మూర్ఖత్వానికీ, దానికి చెల్లించిన మూల్యానికీ సాక్ష్యంగా నిలిచిన ఎరుపు అలా మాయమైపోతుంది.

పతకాల పట్టీలు వేలెడంత ఉంటాయి. చెప్పే కథ మాత్రం పెద్దది. బ్రిటన్ అత్యున్నత శౌర్యపతకమైన విక్టోరియా క్రాస్‌కు పదాతిసేనలో ముదురు ఎరుపు పట్టీ, నౌకాసేనలో ముదురు నీలం పట్టీ ఉండేవి. 1918 నుంచి అందరికీ ఎరుపే అయింది. 1917లో ఏర్పరచిన 1914 నక్షత్రపతకానికి ఎరుపు, తెలుపు, నీలం ఒకదానిలో ఒకటి కలిసిపోయే పట్టీ ఉంటుంది. అది రొమ్ము మీద కనిపిస్తే ఆ చిత్రం 1917కు ముందుది కాదు. కుడి ముంజేతిమీద తలకిందులైన కోణంలా ఉండే చిన్న గుర్తులు 1918లో వచ్చాయి. విదేశసేవలో గడిపిన కాలానికి అవి లెక్క. 1914లోనే యుద్ధరంగంలో ఉన్నవాడికి మొదటి గుర్తు ఎరుపు, తక్కినవి నీలం. తరువాత వెళ్లినవాడికి అన్నీ నీలమే. ఒక్క గుర్తుకు ఎరుపు బదులు నీలం వేస్తే, తొలినాళ్ల పోరాటంలో ఉన్నవాణ్ని అక్కడ లేడని చెప్పినట్లే. ఎరుపు నల్లబడుతుందని, నీలం తేలిపోతుందని తెలిసినవాడికి ఇక్కడ పాత పలక గుణమే సాయపడుతుంది. చిక్కు తెచ్చిపెట్టిన రసాయనమే చిక్కు విప్పే సందర్భమిది.

రంగులకు ప్రత్యక్షసాక్ష్యాలు అసలే లేవని భావించరాదు. ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరులు 1907లో ఆటోక్రోమ్ అనే గాజుపలకలను విక్రయానికి తెచ్చారు. బంగాళాదుంప పిండి రేణువులకు నారింజ, పచ్చ, ఊదారంగులు అద్ది, వాటిని పలకమీద పరచి చేసిన పలకలవి. ఆహారపదార్థం ఇలా చిత్రకళకు ఉపకరించడం చదువరులకు వింతగా తోచవచ్చు. 1917లో ఫ్రెంచి సైన్యపు ఛాయాచిత్ర విభాగానికి చెందిన కాస్తెల్నో, క్యూవీల్ వంటివారు వాటితో సైనికులను నిజమైన రంగుల్లోనే చిత్రించారు. వెలుగు చాలాసేపు సోకవలసి ఉండడంవల్ల కదలనివారిని మాత్రమే తీయగలిగారు. రెండవ ప్రపంచయుద్ధం నాటికి 1935లో వచ్చిన కోడాక్రోమ్, దాని తరువాతి ఆగ్ఫాకలర్ ఫిల్ములు ఉన్నాయి. రంగు దిద్దే అభిరుచిగలవారు ఈ అసలు రంగుచిత్రాలను పక్కన పెట్టుకొని తమ పనిని సరిచూసుకొంటారు.

అంతకన్న అపురూపమైన సాక్ష్యం సైన్యంలో చేరినప్పుడు గుమాస్తా నింపిన కాగితం. కెనడా సైనికుల చేరికపత్రాలలో ఒంటి చాయ, కళ్లరంగు, జుట్టురంగు అని మూడు గళ్లుంటాయి. ఆ పత్రాలు భద్రంగా ఉన్నాయి; ఎవరైనా చూడవచ్చు. బ్రిటిష్ సైనికుల పత్రాలలో సగానికి పైగా 1940 సెప్టెంబరులో లండన్‌మీద జరిగిన బాంబుదాడిలో కాలిపోయాయి. నూరేళ్ల కిందట ఏదో ఊళ్లో ఒక గుమాస్తా తన ముందు నిలిచిన కుర్రవాణ్ని ఒక్కక్షణం చూసి, కళ్లు గోధుమరంగు అని రాశాడు. ఆ ఒక్కమాట దొరికితే రంగు దిద్దేవాడి పని వెలుతురులో సాగుతుంది. అది కాలిపోతే చీకటిలో తడుముకోవలసిందే.

పనితీరు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. మూలచిత్రాన్ని మొదట స్కాన్ చేస్తారు. గీతలు, మరకలు తొలగిస్తారు. 1990లో విడుదలైన ఫొటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో, 1994 నుంచి వచ్చిన పొరల పద్ధతిలో, మూలం మీద గాజుతెర పరిచినట్లు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పొర పరుస్తారు. అడుగునున్న వెలుగునీడలు అలాగే ఉండి, పైపొరలోని రంగు మాత్రమే వాటికి అబ్బుతుంది. కోటుకు ఒక పొర, గుండీలకు ఒకటి, తోలుపట్టాకు ఒకటి. ముఖానికి మాత్రం ఒక్క రంగు చాలదు. నుదుట కొంత పసుపు, చెక్కిళ్లకు, ముక్కుకు, చెవులకు ఎరుపు, గీసిన గడ్డంమీద కొద్దిగా నీలిఛాయ ఉంటాయి. ఒక్కటే రంగు పూసిన ముఖం మైనపుబొమ్మలా ఉంటుంది. ముప్పయి, నలభై పొరలు వేసేవారికి కూడా చివరకు కళ్లు కుదరక మళ్లీ మొదటికి రావడం పరిపాటి.

ఇప్పుడు యంత్రమే రంగులు వేస్తోంది. 2016 నుంచి ఈ దిశలో వెలువడిన పరిశోధనలు, 2018లో వచ్చిన డీఓల్డిఫై వంటి పనిముట్లు ఈ పనిని క్షణాలకు తగ్గించాయి. యంత్రానికి లక్షలాది రంగుచిత్రాలను చూపి, వాటిని నలుపు తెలుపు చేసి, పోయిన రంగు ఏదో చెప్పమని నేర్పుతారు. గడ్డి పచ్చగా, ఆకాశం నీలంగా ఉంటాయని అది త్వరలోనే నేర్చుకొంటుంది. పతకం పట్టీ రంగు మాత్రం దానికి తెలియదు. తెలియనిచోట ఎక్కువసార్లు ఒప్పయ్యే మధ్యరకం రంగు వేస్తుంది. గోధుమ, బూడిద, నీలాల మధ్య ఊగులాడుతుంది. 1914 నాటి ఫ్రెంచి ప్యాంటు ఎరుపని అది ఊహించదు. యంత్రం పొరపడటం ఆశ్చర్యం కాదు. తాను ఎక్కడ సందేహించిందో అది చెప్పదు. నిశ్చయంగా తెలిసిన రంగునూ, ఊహించిన రంగునూ ఒకే ధైర్యంతో వేస్తుంది. అసలు కీడంతా అక్కడుంది.

ఈ కీడు యంత్రానికే పరిమితం కాదు. పాత చిత్రాలకు రంగులు దిద్దడాన్ని గ్రంథాలయాధికారులు, చరిత్రకారులు అనేకులు వ్యతిరేకించడానికి కారణమిదే. రంగుల చిత్రం ఒకసారి లోకంలో పడితే మూలం మరుగునపడుతుందని, దిద్దినవాడి ఊహే సాక్ష్యంగా చలామణి అవుతుందని వారి భయం. సినిమాల విషయంలో ఈ వివాదం 1980 దశకంలోనే అమెరికాలో రగిలింది. తెలుగువారికి ఇది తెలియని సంగతి కాదు. 1957 నాటి మాయాబజార్ చిత్రం హైదరాబాదులోని ఒక సంస్థ కృషితో 2010 జనవరిలో రంగులతో విడుదలైంది. కొత్తతరానికి ఆ చిత్రాన్ని చేరువ చేసిందని మెచ్చినవారున్నారు. మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులలో పండించిన వెన్నెలకు రంగు అవసరమా అని నొచ్చుకొన్నవారూ ఉన్నారు. అయితే ఘటోత్కచుడి తలపాగా ఏ రంగులో ఉన్నా చరిత్రకు లోటులేదు. సైనికుడి సంగతి అలాంటిది కాదు.

2018లో పీటర్ జాక్సన్ అనే దర్శకుడు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్న మొదటి ప్రపంచయుద్ధపు చలనచిత్రాలకు వేగం సరిచేసి, రంగులు దిద్ది ప్రదర్శించాడు. ఆ ఏడాదే బ్రెజిల్‌కు చెందిన మరీనా అమరాల్ అనే చిత్రకారిణి ఆష్విట్జ్ నిర్బంధశిబిరంలో తీసిన ఒక పోలిష్ బాలిక చిత్రానికి రంగులు దిద్దింది. ఆ బాలిక పేరు చెస్వావా క్వోకా. 1943 మార్చి 12న మరణించేనాటికి ఆమె వయసు 14 ఏళ్లు. చిత్రం తీసిన విల్‌హెల్మ్ బ్రాసె కూడా అక్కడి ఖైదీయే. చిత్రం తీయడానికి ముందు కాపలాదారు ఆ పిల్లను కొట్టిందని, ఆమె కన్నీళ్లు, పెదవిమీది నెత్తురు తుడుచుకొని కెమెరా ముందు కూర్చున్నదని అతడు తరువాతికాలంలో చెప్పాడు. నలుపు తెలుపులలో పెదవిమీద ఒక చిన్న నల్లమచ్చగా ఉన్నది రంగుల్లో గాయంగా తెలిసింది. ఇక్కడ రంగు చేసినది కల్పన కాదు. సాక్షి చెప్పిన మాటను కంటికి కనబరచింది. దీనికి పూర్తిగా విరుద్ధమైనది 2021 ఏప్రిల్‌లో జరిగింది. కంబోడియాలోని తువోల్ స్లెంగ్ చెరసాలలో చంపబడినవారి చిత్రాలకు ఒక కళాకారుడు రంగులు దిద్దుతూ, కొన్ని ముఖాలకు చిరునవ్వులు కూడా తగిలించాడు. మృతుల బంధువులు, ఆ దేశపు ప్రభుత్వం తీవ్రంగా నిరసించగా ఆ చిత్రాలను ఉపసంహరించారు. పెదవిమీద ఎరుపును పెట్టడానికీ, పెదవులకు నవ్వును పెట్టడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ రెండు ఉదాహరణలు చూపుతాయి.

తాళపత్రగ్రంథాల పరిష్కర్తలకు ఈ సమస్య కొత్తది కాదు. చెదలు తిన్నచోట అక్షరం పోతుంది. ఛందస్సును, యతిప్రాసలను, సందర్భాన్ని బట్టి పోయిన అక్షరాన్ని పరిష్కర్త ఊహిస్తాడు. అనుభవం ఉన్నవాడి ఊహ సాధారణంగా సరిగానే ఉంటుంది. అయినా మంచి పరిష్కర్త దాన్ని కుండలీకరణంలో ఉంచుతాడు; పాఠాంతరాలను అడుగున చూపుతాడు. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ పండితులచేత అనేక ప్రతులను సేకరింపజేసి, పోల్పించి, పాఠాలను నిర్ణయింపజేసినప్పుడు ఆ ప్రతులన్నిటినీ కాపాడడం వల్లనే తరువాతివారికి ఆ నిర్ణయాలను మళ్లీ పరీక్షించే వీలు కలిగింది. రంగు దిద్దేవారిలో నిష్ఠగలవారు ఇప్పుడు చేస్తున్నది ఇదే. మూలచిత్రాన్ని పక్కనే ఉంచుతారు. కోటు రంగుకు ఆధారం ఫలానా, కళ్లరంగుకు చేరికపత్రం, కండువా రంగు మాత్రం ఊహ అని విడివిడిగా రాస్తారు. కొందరు ఏ ఆధారమూ లేని వస్తువును బూడిదరంగులోనే వదిలివేస్తారు. చూడడానికి అది అసంపూర్ణంగా ఉంటుంది. ఉండనీయవచ్చు.

మొదటి ప్రపంచయుద్ధంలో అవిభక్త భారతదేశం నుంచి 13 లక్షలకు పైగా సేవచేశారు. సుమారు 74 వేలమంది మరణించారు. 1915లో ఫ్రాన్స్‌లో ఉన్న భారతీయ సైనికులను గిర్డ్‌వుడ్ అనే ఛాయాగ్రాహకుడు విస్తారంగా చిత్రించాడు. ఆ చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఎరుపును గ్రహించని పలక వీరికి ప్రత్యేకమైన అన్యాయం చేసింది. గోధుమవన్నె చర్మం నుంచి వచ్చే వెలుగులో ఎరుపుపాలే ఎక్కువ. అది పలకకు అంటదు కాబట్టి ముఖాలు ఉన్నదానికన్న నల్లగా, కవళికలు చీకటిలో కలిసిపోయినట్లు పడ్డాయి. ఆ నీడను అసలు చాయ అనుకొని రంగు వేస్తే ఒక తప్పు. దాన్ని సవరించబోయి యూరోపియన్ చర్మపు రంగులు అద్దితే మరొక తప్పు. యంత్రానికి నేర్పిన చిత్రాలలో ఎవరి ముఖాలు ఎక్కువగా ఉంటే అది అటే మొగ్గుతుంది. పంజాబు సిక్కు, గఢ్వాలీ, మద్రాసు సాపర్ల దళంలోని దక్షిణాది సైనికుడు ఒకే చాయలో ఉండరు. వారి తలపాగా కట్టు వేరు, దళాన్నిబట్టి పాగా కొంగు వేరు. ఇవి తెలిసినవారు ఈ దేశంలోనే ఉండాలి.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామాన్ని మిలిటరీ మాధవరమని పిలుస్తారు. రెండు ప్రపంచయుద్ధాలకూ సైనికులను పంపిన ఊరది. అటువంటి ఊళ్లలోనూ, సైన్యంలో పనిచేసినవారి వారసులు స్థిరపడిన పట్టణాలలోనూ గోడకు వేలాడే చిత్రాలు, ట్రంకుపెట్టెల అడుగున పడి ఉన్న చిత్రాలు ఎన్నో ఉంటాయి. ఎండ తగిలే గోడమీది చిత్రం ఏటికేడు వెలిసిపోతుంది. తాత దళం పేరు, ఊరు దాటిన సంవత్సరం, కళ్లరంగు చెప్పగలిగిన పెద్దవారు ఇంకా ఉన్న ఇళ్లలో ముందు చేయవలసినది వారిని అడిగి రాసుకోవడం. రంగులు తరువాతనైనా దిద్దవచ్చు. మూలచిత్రం మీద ఎన్నడూ కుంచె పెట్టరాదు. చట్రం నుంచి జాగ్రత్తగా తీసి, అంటుకొని ఉంటే బలవంతంగా లాగక అలాగే ఉంచి, స్కాన్ చేయించాలి. అంగుళానికి 600 చుక్కలకు తక్కువ కాకుండా స్కాన్ చేస్తే పట్టీలు, గుండీలమీది గుర్తులు తెలుస్తాయి. రంగులు దిద్దిన ప్రతి అడుగున దిద్దినవారి పేరు, తేదీ, ఊహించిన రంగుల జాబితా ఉండాలి. సైనికుడి పేరును మూలచిత్రం వెనుక అంచుకు దగ్గరగా, మెత్తని పెన్సిల్‌తో, అదిమి పెట్టకుండా రాయాలి. సిరా కొన్నేళ్లకు కాగితంలోకి ఇంకి ముఖం వైపు తేలుతుంది.